లిబియా టాపిక్‌ని బట్టీ పట్టకుండా ఒక్క మ్యాప్ మీద లాగించేయడం ఎలా

పోటీ పరీక్షల కోచింగ్‌లకి పేరుపడ్డ హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏ జిరాక్స్ షాపులో నోట్స్ కొన్నా లిబియా గురించి ఒకటే వరస ఉంటది, ఉనికి, వాతావరణం, జనాభా, ఖనిజాలు, దేనికదే విడివిడిగా, అలా చదివితే పొద్దున చదివింది సాయంత్రానికి ఉండదు. నన్నడిగితే ఆ దేశం మొత్తం నీళ్ల లెక్క మీదే నడుస్తది, ముందు అది పట్టుకోండి. ఒక తెల్ల కాగితం, నీలం, ఎరుపు, నలుపు పెన్నులు చాలు.

ఫస్ట్ ఔట్‌లైన్ గీయండి. పైన మధ్యధరా సముద్రం, తీరం దాదాపు 1,770 కిలోమీటర్లు, మధ్యలో లోపలికి వంగిన చోట సిద్రా అఖాతం. తూర్పున ఈజిప్టు, ఆగ్నేయంలో సూడాన్, కింద చాద్, నైజర్, పడమర అల్జీరియా, వాయవ్యంలో ట్యునీషియా. నైజీరియాకి లిబియాతో బోర్డర్ లేదు, ఆప్షన్లలో అది పెట్టి పడగొడతారు, చూస్కోండి. విస్తీర్ణం 17.6 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలు పదిహేను పడతాయి, జనం మాత్రం 70 లక్షలకి కొంచెం అటూఇటూ. 2011 లెక్కల్లోనే హైదరాబాద్, చుట్టుపక్కల కలిపి 77 లక్షలున్నాం మరి.

ఇప్పుడు నీలం పెన్ను. వానలు కాస్త చెప్పుకోదగ్గట్టు పడేది రెండు చోట్లే, వాయవ్యంలో ట్రిపోలీ, దాని వెనక నఫూసా కొండలు, ఈశాన్యంలో బెంఘాజీ అవతల జెబెల్ అఖ్దర్ కొండలు. ఆ రెండు మచ్చలు వేశాక ఊర్లు పెట్టండి, ట్రిపోలీ, మిస్రాతా ఇటు, బెంఘాజీ, బైదా, డెర్నా అటు, జనంలో ఎక్కువమంది అక్కడే. మధ్యలో సిర్తే దగ్గర ఎడారి సముద్రం దాకా వచ్చేస్తది, అందుకే పడమటి ట్రిపోలిటేనియా, తూర్పు సైరెనైకా ఎప్పట్నుంచో దేనిదారి దానిదే. మూడోది నైరుతిలో ఫెజ్జాన్, అక్కడ బతుకంతా ఒయాసిస్సుల చుట్టే.

ఏడాది పొడుగునా పారే నది ఒక్కటి లేదు, అన్నీ వానొస్తేనే పారే వాగులు, వాదీ అంటారు. ఎండిన వాగే కదా అనుకోవద్దు, 2023 సెప్టెంబర్‌లో డేనియల్ తుపానుకి డెర్నా పైనున్న రెండు డ్యాములు తెగి ఊళ్లోని వాడలకి వాడలే సముద్రంలోకి కొట్టుకుపోయినయి, వేలమంది చనిపోయారు.

ఎరుపుతో మనుషుల్ని రాయండి. ఎక్కువమంది అరబ్, బెర్బర్ కలిసిన సున్నీ ముస్లింలు. సొంత భాష నిలబెట్టుకున్న బెర్బర్లు, అంటే అమాజిగ్‌లు, నఫూసా కొండల్లో, నైరుతి మూల తువారెగ్‌లు, దక్షిణాన చాద్ వైపు తెబూలు. ఇంతకంటే లోతుకి పోనక్కర్లేదు.

నలుపు పెన్ను చమురుకి. 1951లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు వాళ్లు అమ్ముకున్న సరుకుల్లో యుద్ధంలో మిగిలిన ఇనుప తుక్కు, కాగితం తయారీకి పనికొచ్చే ఎస్పార్టో గడ్డి పెద్దవి, అంత పేద దేశం. 1959లో జెల్టెన్ దగ్గర పెద్ద చమురు నిల్వ పడింది, 1961లో ఎగుమతి మొదలు, 1962లో చమురు ఎగుమతి దేశాల సంఘం ఒపెక్‌లో మెంబర్. ఇప్పుడు ఆఫ్రికాలో అత్యధిక నిల్వలు వాళ్లవే, దాదాపు 4,800 కోట్ల బ్యారెల్స్. ఎక్కువ భాగం సిర్తే బేసిన్‌లో, అంటే జనం పల్చగా ఉన్న ఆ మధ్య భాగంలోనే, 2011లో గడాఫీ పాలన కూలాక తూర్పు పడమర వర్గాలు చమురు రేవుల కోసం ఎందుకు కొట్టుకున్నాయో మ్యాపే చెప్తది.

ఆ చమురు కోసం తవ్వుతుంటేనే దక్షిణాన ఇసుక కింద వేల ఏళ్ల నాటి నీళ్లు కూడా బయటపడ్డాయి. 1984లో గ్రేట్ మ్యాన్‌మేడ్ రివర్ అనే ప్రాజెక్టు పనులు మొదలెట్టి, 4 మీటర్ల వ్యాసం ఉన్న కాంక్రీట్ పైపుల్లో 1991లో బెంఘాజీ వైపుకి, 1996లో ట్రిపోలీకి తెచ్చారు, కింద నుంచి పైకి నీలం గీతలు గీసేయండి. మన హైదరాబాద్‌కీ నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్లు పైపుల్లోనే వస్తాయి గానీ వానపడితే సాగర్ నిండుతది, వాళ్ల భూగర్భ నీళ్లు తోడేకొద్దీ తగ్గుడే. మెయిన్స్‌లో నీటి వనరుల ప్రశ్నొస్తే ఈ పాయింట్ తప్పక రాయండి.

ఇంకోటి, పాత పుస్తకాల్లో ప్రపంచంలోనే అత్యధిక ఉష్ణోగ్రత అని లిబియాలోని అజీజియాలో 1922లో నమోదైన 58 డిగ్రీలు ఇంకా కనిపిస్తది, ప్రపంచ వాతావరణ సంస్థ 2012లోనే దాన్ని కొట్టేసింది. ఆన్సర్ అమెరికాలోని డెత్ వ్యాలీ, 56.7.