ఎమ్మెల్యే ఆఫీసు పని నేర్చుకుందాం – 3వ పాఠం: సభలో ప్రశ్న రాయడం

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క సంగతి చూద్దాం. కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస సభ్యుల సంఖ్య, ఎంత అని అడిగాం. రాజ్యాంగం 189వ అధికరణం ప్రకారం పది మంది, లేదా సభ మొత్తం సభ్యుల్లో పదో వంతు, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే అది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 మందికి పదో వంతు పదిహేడున్నర వస్తుంది. అర మనిషి ఉండడు కాబట్టి 18. తెలంగాణలో 119 మంది, కాబట్టి 12. పాత గైడ్లలో తెలంగాణకు 120 అని కనిపిస్తే కంగారు పడకండి. నామినేటెడ్ ఆంగ్లో ఇండియన్ సభ్యుణ్ని కూడా కలిపిన లెక్క అది. 2020 జనవరి నుంచి ఆ నామినేషన్ లేదు.

ఇక ఈ వారం పని. సమావేశాలు నడిచే వారంలో ఎమ్మెల్యే ఆఫీసుకు రెండు రకాల పనులు మీద పడతాయి. ఒకటి సభది. రెండోది తలుపు దగ్గర నిలబడి ఉండేది. నిమ్స్‌లో ఆపరేషన్ ఉంది, ఎల్‌ఓసీ (ఆసుపత్రి ఖర్చుకు ప్రభుత్వం ముందుగా ఇచ్చే హామీ పత్రం) కావాలన్నా అని ఒకరు, సీఎం రిలీఫ్ ఫండ్ చెక్కు ఇంకా రాలేదని ఒకరు, తిరుమల దర్శనానికి సిఫార్సు లేఖ కోసం ఒకరు. హైదర్‌గూడ ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో పొద్దున ఏడింటికి వెళ్లి చూడండి, సభ ఎజెండా గురించి మాట్లాడేవాడు ఒక్కడూ కనిపించడు. ఆ పనులు తక్కువవి అని నేననను. మనిషి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎల్‌ఓసీయే ముఖ్యం. కానీ సభ పనికి విడిగా టైమ్ కేటాయించకపోతే వారమంతా లెటర్‌హెడ్ల మీదే గడిచిపోతుంది. అందుకే సభ పని ఆదివారం సాయంత్రానికే కాగితం మీద ఉండాలి.

సభ రోజు క్రమం రెండో పాఠంలో చూశాం: మొదట ప్రశ్నోత్తరాలు, తర్వాత జీరో అవర్, సభ ముందు పత్రాలు పెట్టడం, ఆపైన బిల్లులో, పద్దులో (శాఖలు అడిగే నిధుల మీద చర్చ), 344 నిబంధన కింద లఘు చర్చో. టీవీలో మనకు కనిపించేది మాత్రం ఇంకోటి. విపక్షం వాయిదా తీర్మానం ఇస్తుంది, స్పీకర్ తిరస్కరిస్తారు, నినాదాలు, పోడియం, మార్షల్స్. సాయంత్రం వార్తలన్నీ దాని మీదే. ఆ గొడవలోనూ ఆ రోజు ప్రశ్నల జాబితాకు శాఖలు ఇచ్చిన జవాబులు అచ్చయి ఉంటాయి. ప్రశ్నోత్తరాలు రద్దు చేసి నేరుగా చర్చకు వెళ్లిన రోజున కూడా ఆ జవాబులను సభ ముందు పెట్టినట్టే లెక్క కడతారు. అంటే మీ ఎమ్మెల్యేకి మైకు దొరకకపోయినా, మీరు రాసిన ప్రశ్న బాగుంటే ప్రభుత్వం సంతకంతో ఒక జవాబు చేతికి వస్తుంది. ఈ పాఠమంతా దాని కోసమే.

ప్రశ్నలు ప్రధానంగా రెండు రకాలు. నక్షత్ర గుర్తు ఉన్నవి, అంటే స్టార్డ్. వీటికి మంత్రి సభలో జవాబు చెబుతారు, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనివి అన్‌స్టార్డ్. వీటికి రాతపూర్వక జవాబే, అనుబంధ ప్రశ్నలు ఉండవు. అంకెలు, జాబితాలు, మండలాలవారీ లెక్కలు కావాలంటే అన్‌స్టార్డ్ వేయండి. మంత్రి నోటి నుంచి ఒక మాట రప్పించాలంటే స్టార్డ్. చాలామంది ఎమ్మెల్యేలు అన్నీ స్టార్డ్ చేయమంటారు, టీవీలో కనిపిస్తుందని. ముప్పై ఊళ్ల పట్టిక అడగడానికి స్టార్డ్ వాడితే ఆ అవకాశం వృథా.

ఒక వాగు, ఒక కాజ్‌వే

పాఠం కోసం ఒక సమస్య తీసుకుందాం. మండల కేంద్రానికి వెళ్లే దారిలో వాగు మీద లోలెవల్ కాజ్‌వే ఉంది. వాన పడితే రెండు రోజులు రాకపోకలు బంద్. హైలెవల్ వంతెన మంజూరైంది, పిల్లర్లు లేచాయి, ఆ తర్వాత పని ఆగింది. జనం ఎమ్మెల్యేని అడుగుతున్నారు. కొత్తగా చేరిన పీఏ రాసే ప్రశ్న సాధారణంగా ఇలా ఉంటుంది:

"వాగుపై వంతెన పనులను ప్రభుత్వం నిర్లక్ష్యంగా ఎందుకు వదిలేసింది? ప్రజలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ప్రయాణిస్తున్న సంగతి మంత్రికి తెలియదా?"

బహిరంగ సభలో దీనికి చప్పట్లు పడతాయి. అసెంబ్లీ సచివాలయంలో మాత్రం మొదటి చూపులోనే ఆగిపోతుంది. ప్రశ్నలో వాదన, ఊహ, వ్యంగ్యం, ఆరోపణ ఉండకూడదని నియమం. "నిర్లక్ష్యంగా" అన్నది ఆరోపణ, "తెలియదా" అన్నది వ్యంగ్యం. కోర్టులో నడుస్తున్న విషయం అడగకూడదు. రాష్ట్ర ప్రభుత్వ బాధ్యతలోకి రానిదీ అడగకూడదు.

పెన్ను పట్టే ముందు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. మొదటిది, ఆ రోడ్డు ఎవరిది? ఆర్ అండ్ బీదా, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్‌దా? ఊరివాళ్లకు అది రోడ్డు, అంతే. కానీ తప్పు శాఖకు రాస్తే "ఈ రోడ్డు మా శాఖ పరిధిలో లేదు" అన్న ఒక్క ముక్కతో కథ ముగుస్తుంది, ఆ సమావేశాలకు ఇంకో ఛాన్స్ ఉండదు. జాతీయ రహదారి అయితే అది కేంద్రం పరిధి కాబట్టి అసలు అడ్మిట్ కావడమే కష్టం. ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజినీర్‌కు ఫోన్ చేసి అడగండి. మర్యాదగా అడిగితే చెబుతారు: "ఏఈ గారూ, ఆ వాగు వంతెన మీదేనా? పరిపాలనా అనుమతి జీవో నంబరు, తేదీ కాస్త చెప్పగలరా?"

జీవో నంబరు తీసుకునేటప్పుడు ఎంఎస్సా (మాన్యుస్క్రిప్ట్), ఆర్టీనా (రొటీన్) అన్నది కూడా రాసుకోండి. రెండింటికీ వరుస నంబర్లు వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలను వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపారు, 2024లో మళ్లీ మొదలుపెట్టారు. మధ్య కాలం నాటి జీవో కోసం సైట్‌లో వెతుకుతూ కూర్చోకుండా ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) ఆఫీసు నుంచి కాపీ తెప్పించుకోండి.

రెండోది, డబ్బు ఎక్కడ ఆగింది? పని ఆగడానికి నూటికి తొంభై సార్లు వినిపించే కారణం బిల్లులు పెండింగ్. కానీ "పెండింగ్"లో చాలా మెట్లున్నాయి. ఏఈ కొలతలు తీసి ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) రాయాలి. ఆయన పైనున్న డీఈ ఆ కొలతలను మళ్లీ సరిచూడాలి, దాన్నే చెక్ మెజర్‌మెంట్ అంటారు. ఈఈ బిల్లు పాస్ చేయాలి. ఆ తర్వాత అది బిల్లుల చెల్లింపు చూసే పే అండ్ అకౌంట్స్‌ ఆఫీసుకు వెళ్లాలి. ఎం-బుక్ దగ్గరే ఆగిందంటే తప్పు ఇంజినీర్లది, లేదా కాంట్రాక్టర్ నిజంగా పని చేయలేదు. బిల్లు ఎక్కి డబ్బు విడుదల కాలేదంటే అది ఆర్థిక శాఖ సంగతి. ఈ తేడా తెలియకుండా రాసిన ప్రశ్నకు "నిధుల లభ్యతను బట్టి చెల్లిస్తాం" అనే జవాబు వస్తుంది. అది ఎవరికీ పనికిరాదు.

ఇవన్నీ తెలిశాక ప్రశ్న ఇలా తయారవుతుంది:

"గౌరవ రోడ్లు, భవనాల శాఖ మంత్రి ఈ కింది విషయాలు తెలియజేస్తారా:
(అ) ఫలానా తేదీ, ఫలానా నంబరు జీవో ద్వారా ఫలానా రోడ్డులో ఫలానా కిలోమీటరు వద్ద హైలెవల్ వంతెనకు పరిపాలనా అనుమతి ఇచ్చిన మాట వాస్తవమేనా;
(ఆ) అయితే, మంజూరైన మొత్తం ఎంత, ఇప్పటివరకు చెల్లించినది ఎంత, కొలతలు నమోదై చెల్లించాల్సినది ఎంత;
(ఇ) పనులు ఏ తేదీ నుంచి ఆగిపోయాయి, కారణాలేమిటి;
(ఈ) ఏ తేదీలోగా పూర్తి చేస్తారు?"

(అ)ను మళ్లీ ఒకసారి చదవండి. ప్రశ్న మొత్తానికి ప్రాణం అక్కడే ఉంది. (అ)కు "లేదండీ" అని జవాబు వస్తే మిగతా వాటన్నిటికీ "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని వస్తుంది. ఒక ఉదాహరణ. జనం ఆ వాగును ఊరి పేరుతో పిలుస్తారు. మీరూ అలాగే రాశారు. జీవోలో మాత్రం అది "ఫలానా చోటు నుంచి ఫలానా చోటు వరకు రోడ్డు, కి.మీ. 4/2" అని ఉంది, ఊరి పేరే లేదు. శాఖలో కూర్చున్న మనిషి ఆ పేరుతో మంజూరు లేదని "లేదండీ" అని రాసేస్తాడు. అబద్ధం ఆడినట్టూ కాదు, నిజం చెప్పినట్టూ కాదు. అందుకే పేరు ఫైలులో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే దించండి. (అ) అనేది కాదనలేని విషయం అయి ఉండాలి, దానికి "అవునండీ" తప్ప దారి ఉండకూడదు.

"నిధులు కేటాయించారా?" అని అడక్కండి. "కేటాయించాం" అంటారు. కేటాయింపు బడ్జెట్‌లో అంకె, చెల్లింపు వేరు. "చెల్లించినది ఎంత" అనే అడగాలి. అలాగే "త్వరలో పూర్తి చేస్తారా?" అంటే "అవునండీ" అంటారు, ఆ త్వరలో ఎప్పటికీ రాదు. తేదీ అడగండి.

నోటీసు గడువు మీ సభ నియమావళిలో చూసుకుని క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. ఒకే ప్రశ్న మీద ఇద్దరు ముగ్గురు సభ్యుల పేర్లు ఉండటం మామూలే. పక్క నియోజకవర్గం ఎమ్మెల్యే కూడా అదే రోడ్డు వాడుతుంటే ఆయన్నీ కలుపుకోండి. మీ వాళ్లు ఆ రోజు లేకపోయినా ప్రశ్న బతుకుతుంది. పార్టీ వేరైతే మరీ మంచిది.

అనుబంధ ప్రశ్న

జాబితాలో ఉన్నవన్నీ ఆ గంటలో చర్చకు రావు. మీది వచ్చిందనుకుందాం. మంత్రి "సమాధానం సభ ముందు ఉంచాం అధ్యక్షా" అంటారు, స్పీకర్ మీ ఎమ్మెల్యే పేరు పిలుస్తారు. ఇక్కడే సగం మంది బోల్తా పడతారు. లేచి, ముందుగా ముఖ్యమంత్రి గారికి, మంత్రి గారికి, తమరికి ధన్యవాదాలు, మా నియోజకవర్గ ప్రజల తరఫున... అనేలోపు స్పీకర్ "ప్రశ్న అడగండి" అంటారు. ఆ కంగారులో అసలు ప్రశ్న మరిచిపోతారు. మైకు కట్ అయ్యాక "నాకు అవకాశం ఇవ్వలేదు" అని మీడియా పాయింట్ దగ్గర బాధపడతారు.

అనుబంధ ప్రశ్న జవాబులో నుంచే పుట్టాలి. జవాబు ఎలా వస్తుందో ముందే ఊహించి మూడు చీటీలు రాసివ్వండి, పెద్ద అక్షరాల్లో, ఒక్కో దాని మీద ఒక్క వాక్యమే.

బకాయి అంకె ఇచ్చి ఒప్పుకుంటే: "అధ్యక్షా, (ఆ)లో చెప్పిన బకాయి బిల్లు ఏ తేదీన పే అండ్ అకౌంట్స్‌కు చేరింది?"

"పరిశీలనలో ఉంది" అంటే: "అధ్యక్షా, ప్రతిపాదన ఏ శాఖ దగ్గర, ఏ తేదీ నుంచి ఉంది?"

"సమాచారం సేకరిస్తున్నాం" అంటే: "అధ్యక్షా, ఈ సమావేశాలు ముగిసేలోపు సభ ముందు పెడతారా?"

మూడింట్లోనూ తిట్టు లేదు. కోపంగా అడిగితే మంత్రి కూడా గత ప్రభుత్వం మీద పడి అయిదు నిమిషాలు రాజకీయం మాట్లాడి కూర్చుంటారు, మన తేదీ రాదు. మెల్లగా తేదీ అడిగితే తప్పించుకోవడం కష్టం. పక్కనున్న అధికారుల గ్యాలరీ నుంచి చీటీ వచ్చేదాకా మంత్రి ఆగాల్సి వస్తుంది. ఆ కాసేపు సభ నిశ్శబ్దంగా ఉంటే మీరు సరైన చోటే అడిగారన్నమాట.

ఒక జాగ్రత్త. సభలో అన్న మాటకు 194వ అధికరణం రక్షణ ఉంది, దాని మీద కోర్టుకు లాగలేరు. అదే మాటను బయటికొచ్చి వాట్సాప్‌లో, ప్రెస్ మీట్‌లో కాంట్రాక్టర్ పేరు పెట్టి అంటే ఆ రక్షణ ఉండదు. ఎమ్మెల్యే సోషల్ మీడియా చూసే కుర్రాడికి ఇది ముందే చెప్పి ఉంచండి.

జవాబు వచ్చాక

చాలా ఆఫీసుల్లో ప్రశ్న వేయడంతో పని అయిపోయిందనుకుంటారు. అచ్చయిన జవాబు కాపీ తెచ్చుకోండి. నోటితో ఇచ్చిన జవాబు కావాలంటే సభలో మాటలు రాసుకునే అసెంబ్లీ రిపోర్టర్ల రికార్డు ఉంటుంది. అందులో "పరిశీలిస్తాం", "చర్యలు తీసుకుంటాం", "మార్చిలోగా పూర్తి చేస్తాం" లాంటి మాటల కింద గీత గీయండి. మంత్రి సభలో ఇచ్చిన మాటలు నెరవేరాయా లేదా అని చూడటానికే ప్రభుత్వ హామీల సంఘం ఉంది. దానికి ఒక లేఖ, జవాబు కాపీ జత చేసి. ఇంకో కాపీ ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజినీర్) ఆఫీసుకు. మరొకటి సర్పంచ్‌కు. మంత్రి పేరుతో అచ్చయిన తేదీ చేతిలో ఉన్నప్పుడు డివిజన్ ఆఫీసులో మాట్లాడే తీరే మారుతుంది, ఇది మీరే చూస్తారు.

వారంలో ఓటింగ్ ఉన్న రోజు మాత్రం ఈ పనులేవీ ఎమ్మెల్యే మీద పెట్టకండి. విప్ (ఓటు ఎలా వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) జారీ అయితే ఆయన సభలో ఉండాల్సిందే. విప్‌ను ధిక్కరిస్తే పదో షెడ్యూల్ కింద సభ్యత్వానికే ఎసరు, పార్టీ పదిహేను రోజుల్లోగా క్షమిస్తే తప్ప. ఆ రోజు ఎస్‌ఈ దగ్గరికి మీరు వెళ్లండి.

అభ్యాసం

1. మీ ఊళ్లో ఆగిపోయిన పని ఒకటి తీసుకోండి. అది ఏ శాఖదో, జీవో నంబరేమిటో, పేరు ఫైలులో ఎలా ఉందో కనుక్కుని, (అ) నుంచి (ఈ) దాకా స్టార్డ్ ప్రశ్న రాయండి.

2. ఈ ప్రశ్నను సరిచేయండి: "మా మండల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టర్లు విధులకు డుమ్మా కొడుతున్నా మంత్రి ఎందుకు చర్యలు తీసుకోవడం లేదు?" చిన్న సాయం: మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని అన్న చోట మొదలుపెట్టండి.

3. మీరు రాసిన మొదటి ప్రశ్నకు (అ)లో "లేదండీ" అని జవాబివ్వడానికి శాఖకు ఏమైనా సందు ఉందా? శాఖ సెక్షన్‌లో కూర్చున్న సూపరింటెండెంట్ మీరే అనుకుని, ఆ సందు వెతికి, జవాబు రాయండి. దొరికితే ప్రశ్న తిరగరాయండి.

వచ్చే విడతలో పద్దుల చర్చ: వంద రూపాయల కోత తీర్మానం ఎందుకు, ఎలా రాస్తారు, గిలటిన్ (మిగిలిన పద్దులను చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు పెట్టడం) పడేలోపు మీ శాఖ పద్దు చర్చకు వస్తుందో రాదో ఎలా అంచనా వేయాలి. బడ్జెట్ పుస్తకాల్లో మీ శాఖ పద్దు నంబరు ముందే వెతికి పెట్టుకోండి.