ఎస్‌టీఐతో ట్రాక్ డేకి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

అమెరికాలో సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్‌టీఐ (2021 వరకు వచ్చిన 2.5 లీటర్ల ఈజే ఇంజన్) కారు ఉండి, ట్రాక్ డేకి (సొంత కారును రేస్ ట్రాక్‌పై నడిపే రోజు) వెళ్లేవాళ్ల కోసం.

– ఆయిల్ డిప్‌స్టిక్‌పై పై గీత దాకా ఉండాలి. పొడవాటి మలుపులో ఆయిల్ పక్కకు పోయి దాన్ని పీల్చే పికప్ గొట్టానికి అందకపోతే ముందు పోయేది రాడ్ బేరింగులే (పిస్టన్ రాడ్లు క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టుకునే చోట ఉండేవి), అంటే ఇంజనే. ఇది ఆయిల్ తాగే ఇంజన్, కాబట్టి ప్రతి సెషన్ తర్వాత బండిని చదునైన చోట ఆపి, కాసేపాగి మళ్లీ చూడండి.

– నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకే అరుగుదల. చుట్టుకొలతలో తేడా పావు అంగుళం దాటకూడదు. ట్రెడ్ లోతులో అది సుమారు 1 మి.మీ. అంతకు మించితే సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే భాగం) ఊరికే అరుగుతుంది.

– బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తది పోయించండి. పాతది తేమ పీల్చి త్వరగా మరుగుతుంది, పెడల్ నేలకు దిగుతుంది. నాలుగు చక్రాలూ లాగుతాయి నిజమే, కానీ ఆగేటప్పుడు ఆ వరం పనిచేయదు.

– సెషన్ అయ్యాక హ్యాండ్‌బ్రేక్ వద్దు, గేర్‌లో వదలండి.

– టైర్ గాలి వేడెక్కాక మళ్లీ కొలవండి, పెరుగుతుంది.

– పొడి ట్రాక్‌పై సెంటర్ డిఫరెన్షియల్ లాక్ చేయకండి. దాన్ని ఆటో మైనస్‌లో (లాక్ తక్కువగా ఉండే సెట్టింగ్) పెడితే ముక్కు బయటికి జారడం తగ్గుతుంది. అప్పటికీ జారితే స్టీరింగ్ ఇంకా తిప్పడం కాదు, గ్యాస్ కొంచెం వదలండి. మలుపులోకి నిదానంగా వెళ్లి, ముక్కు తిరిగాకే తొక్కితే ఈ బండి అసలు పట్టు తెలుస్తుంది.