యుటిలిటీ జాకెట్‌ను ఇంట్లో కుట్టే పద్ధతి
యుటిలిటీ జాకెట్ అంటే బయట జేబులుండే మందపాటి పనివేళ జాకెట్; దీనికి పలుచని గుడ్డ పనికిరాదు. కాటన్ డ్రిల్ (ఏటవాలు గీతల నేతతో మందంగా ఉండే నూలు గుడ్డ) తీసుకొని, ఉతికితే కుంచించుకుపోతుంది కనుక కత్తిరించక ముందే నీళ్లలో తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. చొక్కా మీద వేసుకునేది కాబట్టి ఛాతీ కొలతకు కనీసం 4 అంగుళాల వదులు కలపాలి.

జేబులను ముందు భాగాలు విడివిడిగా ఉన్నప్పుడే కుట్టాలి; పక్కలు కలిపేశాక వాటిని అమర్చడం ఎంత చిరాకో కుట్టేవారికి తెలుసు. జేబు పై అంచును రెండుసార్లు మడిచి కుట్టి, మిగిలిన మూడు అంచులను అర అంగుళం లోపలికి ఇస్త్రీతో మడిచి, జాకెట్ ముందు భాగం మీద రెండు వరుసల కుట్టుతో బిగించి, బరువంతా పడే పై మూలల వద్ద చిన్న త్రిభుజాకారంలో మరోసారి కుట్టాలి. మందమైన మడతల మీద 16వ నంబరు సూదితో, కుట్టు మిషన్ చక్రాన్ని చేత్తో తిప్పుతూ నడపడం మంచిది.

తర్వాత భుజాలు, కాలరు, చేతులు, పక్కలు కలిపి, చివరగా కాజాలు తీసి గుండీలు కుట్టాలి.