లాండ్‌లైన్ అమ్మేస్తున్నారట! టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసేవాళ్ళ చెవిన ఆ మాట పడితే ఏం చూడాలి, ఏం భద్రం చేసుకోవాలి

అమలాపురంలో ఎక్స్ఛేంజ్ ఎదురు టీ కొట్టు దగ్గర పొద్దున పుట్టిన మాట భోజనాల వేళకి రాజోలు, దీపాలు పెట్టే వేళకి నరసాపురం చేరిపోతుంది. దారిలో దానికి కొనేవాడి పేరు, ధర, తారీకు అన్నీ మొలుస్తాయి. "అయిపోయిందటండీ, సంతకాలే తరువాయట." ఇలాంటప్పుడు అందరూ అడిగేది "నిజమేనా?" అని. ఆ ప్రశ్నకి ఎక్స్ఛేంజ్‌లో ఎవరి దగ్గరా జవాబుండదు. అడగాల్సింది వేరు: "ఏం అమ్ముతున్నారట?"

లాండ్‌లైన్ వ్యాపారం అనేది ఒకే వస్తువు కాదు. భూమిలో ఉన్న రాగి ఒకటి, ఎక్స్ఛేంజ్ కట్టిన స్థలం ఒకటి, స్విచ్చి, బ్యాటరీలు, పవర్ ప్లాంట్ ఒకటి, బిల్లు కట్టే కనెక్షన్లు ఒకటి, లైసెన్సు ఒకటి, పనిచేసే మనుషులు ఒకటి. రాగి అమ్మితే ఉద్యోగం కదలదు. స్థలం అమ్మితే మహా అయితే ఆఫీసు మారుతుంది. కనెక్షన్లూ మనుషులూ కలిసి చేతులు మారినప్పుడే అది మీ సంగతి. కాబట్టి వచ్చిన కబురు ఈ ఆరింటిలో దేని గురించో ముందు తేల్చుకోండి. తేలకపోతే అది కబురు కాదు, కాలక్షేపం.

ఎక్స్ఛేంజ్‌లో కనిపించే గుర్తులు

పిల్లర్ (వీధిలో కేబుళ్ళు కలిసే పెట్టె) తలుపు తీసి ఎవరో కుర్రాడు ఫొటోలు తీసుకుంటున్నాడంటే చాలు, సగం పుకార్లు అక్కడే పుడతాయి. అతన్ని ఎవరు పంపారని అడగక్కర్లేదు. అతని చేతిలోని ఫారంలో ఏ గడులున్నాయో చూడండి. అక్షాంశ రేఖాంశాలు, డక్ట్‌లో (కేబుల్ వెళ్ళే గొట్టంలో) ఖాళీ, దగ్గర్లోని కరెంటు స్తంభం దూరం రాస్తుంటే అది ఫైబర్ సర్వే. కేబుల్ ఎన్ని జతలది, గేజ్ (తీగ మందం) ఎంత, తవ్వితే వచ్చే పొడవు ఎన్ని మీటర్లు అని రాస్తుంటే రాగి లెక్క. అదే మనిషి పిల్లర్ వదిలేసి ఆఫీసులోకి వచ్చి, ఏరియావారీగా పనిచేసే కనెక్షన్లు, ప్లాన్లు, నెలకి వచ్చే బిల్లు, ఆరు నెలలు దాటిన బకాయిలు అడిగాడనుకోండి, అప్పుడు చెవులు రిక్కించండి. కొనేవాడు చూసేది ఆదాయాన్ని. పిల్లర్‌కి తుప్పు పట్టిందా లేదా అన్నది వాడికి అనవసరం.

రాగి లెక్క ఎందుకు వేస్తారో కూడా తెలిసి ఉండాలి. అర మిల్లీమీటరు తీగతో చేసిన వంద జతల కేబుల్‌లో కిలోమీటరుకి దాదాపు 350 కిలోల రాగి ఉంటుంది. ఫైబర్ వేశాక ఆ కేబుల్ మీద పది కనెక్షన్లు కూడా మిగలవు. దాన్ని తుక్కుగా వేలం వేయడం మామూలు వ్యవహారం. ప్రభుత్వ సంస్థలు తుక్కుని తరచూ ఎమ్‌ఎస్‌టీసీ అనే ప్రభుత్వ వేలం సంస్థ ఆన్‌లైన్ వేలంలో పెడతాయి. లాట్ వివరం, బరువు, ఎక్కడుందో అందులోనే రాసి ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. మన డెల్టాలో మాత్రం లెక్క వేసినంత రాగి పైకి రాదు. కాలవ గట్టు తవ్వాలంటే ఇరిగేషన్ అనుమతి, రోడ్డు తవ్వాలంటే ఆర్ అండ్ బీ అనుమతి కావాలి. వంతెన కింద వేలాడే ముక్కని తీయడం ఇంకో తలనొప్పి. అందుకే చాలాచోట్ల కేబుల్‌ని మట్టిలోనే వదిలేస్తారు.

ఇంకొన్ని గుర్తులని జనం తప్పుగా చదువుతారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ర్యాకుల మీద కొత్త స్టిక్కర్లు అంటిస్తే అది ఎక్కువసార్లు ఆడిట్ కోసమే. యంత్రాలూ పరికరాలూ కంపెనీ భౌతికంగా లెక్క చూసుకుందా లేదా అన్నది ఆడిటర్ రిపోర్టులో రాసి తీరాలి. వరద తర్వాత పాడైన కేబుల్ జాయింటుని కట్టకుండా వదిలేశారంటే దాని వెనక అమ్మకం ఉందనుకోకండి. ఆకివీడు వైపు నల్లరేగడి భూమి ఎండాకాలం బీటలిచ్చి, వానాకాలం ఉబ్బి జాయింటుని లాగేస్తుంది. నీళ్ళు దిగిన జాయింటు మీద మనిషినీ సామానునీ పెట్టే కన్నా ఆ పది ఇళ్ళకీ ఫైబర్ లాగడం చవక. ఎమ్‌డీఎఫ్ (బయటి కేబుళ్ళూ స్విచ్చీ కలిసే ఫ్రేము) మీద లైన్ సైడు జంపర్లు (కలిపే తీగలు) వరసాగ్గా తీసేస్తున్నారంటే కూడా ఫైబర్‌కి మార్పిడే జరుగుతోందన్నమాట. అమ్మే ఉద్దేశం ఉన్నవాడు కనెక్షన్ల సంఖ్య తగ్గించుకోడు, ఎలాగోలా నిలబెట్టుకుంటాడు.

కాగితం ఎక్కడ పడుతుంది

అమ్మకం నిజమైతే దానికి కాగితం తప్పదు. మీ కంపెనీ షేర్ మార్కెట్‌లో ఉన్నదైతే బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ సైట్లలో కంపెనీ పేరు కొట్టి ప్రకటనలు చూడండి. బోర్డు నిర్ణయం అయితే మీటింగ్ ముగిసిన కొద్ది సేపటికే అక్కడ పెట్టాలి. మార్కెట్ విలువలో మొదటి 250 కంపెనీలకి 2024 డిసెంబరు 1 నుంచి ఇంకో బాధ్యత కూడా ఉంది. పేరున్న పత్రికల్లో వచ్చిన పుకారు వల్ల షేరు ధర గట్టిగా కదిలితే, అవునో కాదో 24 గంటల్లో చెప్పాలి. టీ కొట్టు పుకారుకీ వాట్సాప్ ఫార్వర్డుకీ ఇది వర్తించదు. అందుకని "కంపెనీ ఖండించలేదు కాబట్టి నిజమే" అనే వాదన నిలవదు.

కంపెనీల చట్టం 2013లోని 180వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ కంపెనీ తన నికర విలువలో 20 శాతం పైబడి పెట్టుబడి ఉన్న వ్యాపారాన్ని గానీ, మొత్తం ఆదాయంలో 20 శాతం తెచ్చే వ్యాపారాన్ని గానీ అమ్మాలంటే వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. వ్యాపారాన్ని విడదీసి వేరే కంపెనీలో కలపాలంటే నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి. లైసెన్సు చేతులు మారాలంటే టెలికాం శాఖ దాకా పోవాలి. ఇవన్నీ వారంలో అయ్యేవి కావు. టాటా టెలీసర్వీసెస్ తన మొబైల్ వ్యాపారాన్ని ఎయిర్‌టెల్‌కి ఇస్తున్నట్టు 2017 అక్టోబరులో ప్రకటిస్తే, అది పూర్తయింది 2019 జూలై 1న. కాబట్టి "వచ్చే ఒకటో తారీకు నుంచి కొత్త యాజమాన్యం" అన్న మెసేజ్ వస్తే, దాని వెనక ఏడాది పాటు కాగితాలు కనపడి ఉండాలి. లేవంటే పక్కన పెట్టేయండి.

ప్రభుత్వ సంస్థ అయితే నిర్ణయం కేంద్ర మంత్రివర్గం నుంచి రావాలి, ప్రభుత్వ ప్రకటనలు వెలువరించే పీఐబీలో పడాలి. 2019 అక్టోబరు 23న బీఎస్‌ఎన్‌ఎల్ పునరుద్ధరణ ప్యాకేజీ అలాగే వచ్చింది. ఏళ్ళ తరబడి అక్కడ వినపడిన మాట అమ్మకం. వచ్చింది మాత్రం స్వచ్ఛంద పదవీ విరమణ (వీఆర్‌ఎస్). 78,569 మంది ఒప్పుకుని 2020 జనవరి 31న బయటికి నడిచారు. అమ్మకం మీదే కళ్ళు పెట్టుకుని కూర్చున్నవాళ్ళకి వీఆర్‌ఎస్ లెక్కలు వేసుకోడానికి నెల రోజులే దొరికాయి.

ప్రభుత్వ సంస్థలో ఉంటే సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలతో పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. కానీ "మా లాండ్‌లైన్ అమ్ముతున్నారా?" అని అడిగితే మంత్రివర్గ పత్రాలనో వాణిజ్య రహస్యమనో తిప్పి పంపుతారు. మీ సర్వీసు బుక్ నకలు అడగండి. ఫలానా ఎక్స్ఛేంజ్‌లో ఫలానా తేదీ సర్వేకి ఇచ్చిన వర్క్ ఆర్డర్ నకలు అడగండి. ఉన్న కాగితం అడిగితేనే కాగితం వస్తుంది.

అమ్మితే మీ పరిస్థితి

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. కంపెనీ షేర్లు చేతులు మారితే మీ యజమాని మారనట్టే. అదే కంపెనీ, అదే ఉద్యోగం, పైన వాటాదారులే వేరు. దానికి పరిహారం అంటూ ఉండదు. వ్యాపారాన్ని గంపగుత్తగా వేరే కంపెనీకి అమ్మితే కథ వేరు. పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్‌ఎఫ్ సెక్షన్‌గా ఉన్న రక్షణ, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. సారం ఇది: ఏడాది నిరంతర సర్వీసు ఉన్న కార్మికుడికి నోటీసు, పరిహారం ఇవ్వాలి. మూడు షరతులూ నెరవేరితే మాత్రం ఇవ్వక్కర్లేదు. సర్వీసుకి గండి పడకూడదు. కొత్త చోట జీతభత్యాలు పాతవాటికి తగ్గకూడదు. రేపు తీసేస్తే పాత సర్వీసు కూడా కలిపి పరిహారం ఇచ్చే బాధ్యత కొత్త యజమాని మీద ఉండాలి. మేనేజర్లకి ఈ రక్షణ లేదు. నెలకి 18,000 దాటి జీతం ఉన్న సూపర్‌వైజర్లకీ లేదు. మీ హోదా పేరు కన్నా చేసే పని ముఖ్యం.

పరిహారం లెక్క: ఏడాదికి 15 రోజుల సగటు వేతనం. గ్రాట్యుటీ దీనికి వేరు. దాని లెక్క: చివరి నెల వేతనాన్ని (ముఖ్యంగా బేసిక్, డీఏ) 26తో భాగించి 15తో గుణిస్తే ఒక్క ఏడాదిది వస్తుంది. 26,000 ఉంటే ఏడాదికి 15,000. సర్వీసు 18 ఏళ్ళ 7 నెలలు అయితే ఆరు నెలలు దాటింది కాబట్టి 19 ఏళ్ళు, అంటే 2,85,000. కొత్త కంపెనీ ఇచ్చే లెటర్లో "చేరిన తేదీ" గడిలో కొత్త తేదీ వేసి ఉంటే ఈ 19 ఏళ్ళూ వివాదంలో పడతాయి. సంతకం పెట్టే ముందు మిగతా పేజీలన్నీ వదిలేసినా ఆ ఒక్క గడి చూడండి. పాత సర్వీసు కొనసాగుతుందన్న వాక్యం లేకపోతే రాయించుకోండి. సమ్మతి లేకుండా కార్మికుణ్ణి ఇంకో యజమానికి అప్పజెప్పడానికి లేదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. కాబట్టి ఆ సంతకానికి విలువ ఉంది. ఖాళీ సమ్మతి పత్రం మీద మాత్రం ఎవరడిగినా పెట్టకండి.

ఈ వారంలోనే చేసి పెట్టుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు పీఎఫ్. యూఏఎన్ (మీ పీఎఫ్ శాశ్వత నంబరు)తో పీఎఫ్ సైట్ లోపలికి వెళ్ళి సర్వీస్ హిస్టరీ తెరవండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న దగ్గరే సగం తప్పులుంటాయి. సవరించాలంటే కొన్నిసార్లు కంపెనీ కూడా ఒప్పుకోవాలి. వ్యాపారం చేతులు మారాక పాత కంపెనీలో మీకోసం ఆ పని చేసిపెట్టే మనిషి ఉండడు, అందుకే తొందర. కంపెనీకి సొంత పీఎఫ్ ట్రస్టు ఉంటే గత మూడేళ్ళ ఖాతా స్టేట్‌మెంట్లు ఇప్పుడే తీసుకోండి. పుకారుకి భయపడి పీఎఫ్ తీసేసుకోవడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. ఐదేళ్ళ లోపు తీస్తే పన్ను పడొచ్చు. పెన్షన్ భాగం కూడా తీసేస్తే పదేళ్ళ అర్హత లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

తర్వాత నియామక పత్రం, కన్ఫర్మేషన్ ఆర్డరు, ఇంక్రిమెంట్ ఆర్డర్లు, గత పన్నెండు నెలల జీతం చీటీలు, సెలవుల నిల్వ, గ్రాట్యుటీ నామినేషన్ నకలు. టెలికాం శాఖ నుంచి బీఎస్‌ఎన్‌ఎల్‌లో విలీనమైనవాళ్ళకి ఆ విలీనాన్ని ఖరారు చేసిన ప్రెసిడెన్షియల్ ఆర్డరే పెన్షన్‌కి మూలం. దాని నకలు ఇంట్లో ఒకటి, పిల్లల దగ్గర ఇంకొకటి ఉంచండి. ఆఫీసు బీరువాలో మాత్రమే ఉంచితే వరద వచ్చినప్పుడు అది మీది కాదు, గోదారిది.

కాంట్రాక్టు మీద కేబుల్ పని చేసేవాళ్ళకి ముప్పు ఎక్కువ, కాగితం తక్కువ. పీఎఫ్ పాస్‌బుక్‌లో ప్రతి నెలా జమ పడిందా, ఏ కాంట్రాక్టర్ పేరు మీద పడిందో చూసుకోండి. గేట్ పాస్, హాజరు పట్టీ ఫొటో తీసి దాచండి. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా పాతాయన దగ్గర విడిచిపెట్టిన తేదీ ఎక్కించుకోండి. ఎక్కకపోతే పాత డబ్బు కొత్త ఖాతాకి కదలదు. జీతం బాకీ ఉంటే పని ఇచ్చిన అసలు కంపెనీ కూడా బాధ్యురాలే, కానీ మీరు అక్కడ పనిచేశారని చూపించే కాగితం మీ చేతిలో ఉండాలి.

నిజంగా లోపలి కబురు తెలిసినవాళ్ళకి ఒక హెచ్చరిక. లిస్టయిన కంపెనీ అయితే ఇంకా బయటపడని అమ్మకం సంగతి పట్టుకుని షేర్లు కొనడం, అమ్మడం, తోడల్లుడికి చెప్పి కొనిపించడం షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ నిబంధనల ప్రకారం నేరం. జరిమానా పది లక్షల నుంచి మొదలవుతుంది. గ్రూపులో ఫార్వర్డ్ చేయడం కూడా ఇందులోకే వస్తుంది.

ఇక చందాదారులు. "మా 08856 నంబర్ పోతుందా బాబూ?" అని పెద్దావిడ అడిగితే పుకారు చెప్పకండి. మన దేశంలో నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు మొబైల్‌కే ఉంది, లాండ్‌లైన్‌కి లేదు. అదే కంపెనీలో రాగి నుంచి ఫైబర్‌కి మారేటప్పుడు పాత నంబరు ఉంచమని దరఖాస్తులోనే రాయించండి. డిపాజిట్ రసీదు ఉందేమో వెతకమనండి, లేకపోతే చివరి బిల్లు మీద డిపాజిట్ మొత్తం ఉందేమో చూపించండి.