లడఖ్‌కు గుంపుగా బండ్లు తీసే ముందు

మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిని పట్టుకుని ఉత్తరంగా పోతూనే ఉంటే చివరికి శ్రీనగర్ వస్తుంది. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి కొంతమందికి కుదురుండదు. ఏప్రిల్‌లో వాట్సాప్ గ్రూపు పుడుతుంది, పేరు చివర రైడర్స్ అని తగిలిస్తారు, మే నెలలో సగం మంది జారుకుంటారు, మిగిలిన ఆరుగురో ఎనిమిదిమందో జూన్‌లో బండ్లు తీస్తారు. నేనూ అలా రెండుసార్లు వెళ్లొచ్చాను. ఇక్కడ రాస్తున్నవాటిలో ఎక్కువ భాగం మొదటిసారి మేం చేసిన తప్పులే.

ఒంటరిగా వెళ్లేవాడు ప్రతిదానికీ భయపడతాడు, అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుపుతాడు. గుంపులో వెళ్లేవాడికి ఆ భయం సగం పోతుంది. పక్కన మనవాళ్లున్నారులే అని వాగులోకి దిగేస్తాడు. ముందు బండి కనిపించడం లేదని మలుపులో స్పీడు పెంచుతాడు. తన వల్ల అందరూ ఆగిపోతారేమోనని తలనొప్పి దాచుకుంటాడు. మూడూ ప్రమాదమే కానీ, ఆ మూడోది బయటికి కనిపించదు. ఎత్తు ఎక్కిన కొద్దీ గాలి పలచబడి వచ్చే జబ్బుకు ఆ తలనొప్పే మొదటి గుర్తు, అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

శ్రీనగర్ నుంచా, మనాలి నుంచా?

లడఖ్‌లో ముఖ్య పట్టణమైన లేహ్‌కు రోడ్డు మీద ప్రధానంగా రెండు దారులు. శ్రీనగర్ నుంచి ఒకటి, మనాలి నుంచి ఇంకోటి. దూరం రెండూ ఇంచుమించు ఒకటే, 420 నుంచి 430 కిలోమీటర్లు. కానీ ఎత్తు ఎక్కే తీరు వేరు. శ్రీనగర్ సుమారు 5,200 అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కణ్నుంచి జోజి లా దాటి కార్గిల్‌లో రాత్రి పడుకుంటే అది దాదాపు 8,800 అడుగులు. మర్నాడు లేహ్, 11,500. దారిలో ఫోతు లా 13,400 అడుగులు దాటుతుంది గానీ, ఎక్కి దిగిపోతాం, అక్కడ పడుకోం. ఒంటికి అలవాటు పడే వ్యవధి కాస్తయినా దొరుకుతుంది. 'లా' అంటే అక్కడి భాషలో కనుమ అని అర్థం.

మనాలి వైపు అలా కాదు. మనాలి 6,700 అడుగులు, జిస్పా 10,500, ఆ తర్వాత అందరూ రాత్రికి ఆగే సర్చూ 14,000 పైనే. ఒక్క రోజులో 3,500 అడుగులు! పది వేల అడుగులు దాటాక, పడుకునే చోటు రోజుకు 1,600 అడుగులకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు కదలకుండా విశ్రాంతి తీసుకోవాలని డాక్టర్లు చెబుతారు. 9 కిలోమీటర్ల అటల్ సొరంగం 2020 అక్టోబరులో తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే పని తప్పింది, ప్రయాణం ఇంకా త్వరగా అయిపోతోంది. త్వరగా అవడమే ఇక్కడ చిక్కు.

కాబట్టి శ్రీనగర్ నుంచి ఎక్కండి, మనాలి వైపు దిగండి. మనాలి నుంచే ఎక్కక తప్పదంటే జిస్పాలోనో కేలాంగ్‌లోనో రెండు రాత్రులు ఆగండి. లేహ్ చేరాక కూడా రెండు రోజులు బండి తాళం ముట్టుకోవద్దు. విమానంలో నేరుగా లేహ్‌లో దిగి అక్కడ బండి అద్దెకు తీసుకునేవాళ్లకు ఈ మాట మరీ ముఖ్యం. ఇంకో సంగతి, మనాలిలోనో శ్రీనగర్‌లోనో అద్దెకు తీసుకున్న బండ్లను నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు వైపు తిప్పడానికి లేహ్‌లో బండ్లు అద్దెకిచ్చేవాళ్ల యూనియన్లు ఒప్పుకోవు. సొంత బండి కాకపోతే అటువైపు తిరగడానికి లేహ్‌లోనే తీసుకోండి.

సర్చూ రాత్రి

మొదటిసారి మేం మనాలి నుంచే ఎక్కాం. సర్చూ డేరాల్లో దిగేసరికి సాయంత్రం ఆరు. మా బావమరిది అన్నం వద్దన్నాడు. "ఏం లేదు బావా, ఎండకి తల పట్టేసింది, పడుకుంటే పోతుంది" అన్నాడు. పక్కవాడు క్రోసిన్ ఇచ్చాడు. మా బావమరిది ముందు మిక్చర్ ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బి కూర్చుంది, పైకొచ్చిన కొద్దీ గాలి ఒత్తిడి తగ్గి ప్యాకెట్లన్నీ అలా అవుతాయి. దాన్ని చూసి అందరం నవ్వుకున్నాం. వాడు నవ్వలేదు. రెండుసార్లు బయటికెళ్లి వాంతి చేసుకున్నాడని మాకు తర్వాత తెలిసింది.

తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి చూస్తే, టార్చి వెలుగులో కూర్చుని ఎడమ చేతి గ్లవ్ కుడి చేతికి తొడుక్కోవాలని చూస్తున్నాడు. తీస్తాడు, మళ్లీ అదే చేతికి పెడతాడు. లేపి, మడమకు బొటనవేలు తగిలేలా గీత మీద నడిచినట్టు నాలుగు అడుగులు వేయమన్నాను. రెండో అడుగుకే నా భుజం పట్టుకున్నాడు.

అప్పుడు తెలిసింది సర్చూ అసలు చిక్కు. దిగిపోవాలంటే ముందు ఎక్కాలి! మనాలి వైపు బారాలాచా లా 16,000 అడుగులు, లేహ్ వైపు ఇంకా ఎత్తైన కనుమలు. డేరా ఆయన ఆక్సిజన్ సిలిండరు ఇచ్చాడు, ఒక టాక్సీ డ్రైవరును నిద్రలేపి బతిమాలాం. ఆక్సిజన్ పెట్టుకునే బారాలాచా దాటించి కేలాంగ్ ఆసుపత్రికి తీసుకుపోయాం. మధ్యాహ్నానికి వాడే "బావా, ఆకలేస్తోంది" అన్నాడు.

అంచేత ఇంటి దగ్గరే ఒక మాట అనుకోండి. రోజూ రాత్రి భోజనం దగ్గర ఒక్కొక్కరినీ మూడు ప్రశ్నలు అడగాలి. తలనొప్పి ఉందా? తిన్నావా? నిన్న నిద్ర పట్టిందా? జవాబుతో సరిపెట్టుకోకుండా అన్నం ప్లేటు చూడండి. తలనొప్పికి తోడు వికారమో, తిండి సయించకపోవడమో, కళ్లు తిరగడమో ఉంటే అది ఎత్తు జబ్బే అనుకుని, తగ్గేదాకా అక్కణ్నుంచి పైకి కదలకూడదు. నడక తూలినా, మాట తడబడినా అది మెదడు వాపు. ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా, దగ్గుతో నురగ పడుతున్నా అది ఊపిరితిత్తుల్లో నీరు. ఈ రెండింటికీ అసలు మందు కిందికి దించడమే, అర్ధరాత్రయినా సరే. ఆక్సిజన్ డబ్బా దిగేదాకా ఊతం ఇస్తుంది, అంతే.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ బిళ్ల సంగతి అందరూ అడుగుతారు. ఎత్తు ఎక్కే ముందు రోజు నుంచి పూటకు 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు వాడమని పెద్దవాళ్లకు సాధారణంగా చెబుతారు. కానీ సల్ఫా మందులు పడనివాళ్లున్నారు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లున్నారు, కాబట్టి డాక్టరు చెప్పాకే. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, కంగారు పడొద్దు. బిళ్ల వేసుకున్నాం కదా అని ఎత్తులు దూకేయకూడదు. గుండె జబ్బు, ఆస్తమా, అదుపులో లేని బీపీ, సికిల్ సెల్ ఉన్నవాళ్లు టికెట్ల కంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మొదటి నాలుగైదు రోజులు మద్యం ముట్టొద్దు, నిద్రమాత్రలు అసలే వద్దు. ఈ విషయంలోనే గ్రూపుల్లో గొడవలు వస్తాయి, తెలిసిందే.

ఎవరు ముందు, ఎవరు వెనక

గుంపు ఎనిమిది బండ్లు దాటితే రెండుగా విడగొట్టండి. అందరికంటే నిదానంగా నడిపేవాణ్ని రెండో స్థానంలో పెట్టండి, దారి చూపేవాడి వెనకే. వాడి స్పీడే అందరి స్పీడు. వెనక వదిలేస్తే అందుకోవాలన్న ఆదుర్దాలో వాడు పడతాడు. చివరి బండి మీద అనుభవం ఉన్నవాడు, మెకానిక్ పని కాస్త తెలిసినవాడు ఉండాలి. టూల్ కిట్టూ, మందుల సంచీ అతని దగ్గరే ఉంచాలి. ముందు బండి మీద పెడితే, వెనక ఆగిపోయినవాడికి అవి అందవు.

ఫోన్లు పలకని చోట పనికొచ్చే పద్ధతి ఒకటే. ప్రతివాడూ తన వెనక బండికి మాత్రమే జవాబుదారీ. రోడ్డు చీలిన ప్రతిచోటా వెనకవాడి లైటు అద్దంలో కనిపించేదాకా ఆగాలి. ఇది పాటిస్తే ఎవరూ తప్పిపోరు, ఎవరూ ఎవర్నీ తరమక్కర్లేదు. ఘాట్‌లో గుంపులోవాళ్లు ఒకరినొకరు ఓవర్‌టేక్ చేయడం లేదని ముందే ఒట్టు పెట్టించండి. వీడియోల కోసం పక్కపక్కన నడపడం కూడా ఇందులోకే వస్తుంది.

మన దగ్గర రోజుకు 600 కిలోమీటర్లు కొట్టామని అక్కడా అదే లెక్క వేయకండి. 150, మహా అయితే 200. నాలుగింటికల్లా బండి స్టాండు వేసేయాలి.

బండి

నెల ముందే సామాను మొత్తం కట్టుకుని ఒక ఘాట్ ఎక్కి దిగండి. హైదరాబాద్ వాళ్లకు అనంతగిరి కొండలో, నల్లమల మీదుగా శ్రీశైలమో చాలు. శ్రీశైలం దారిలో అడవి గేటు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, చూసుకోండి. విశాఖ వాళ్లకు అరకు ఘాట్ ఉండనే ఉంది. సంచులు ఎటు ఒరుగుతున్నాయో, వెనక బ్రేకు ఎంత వేడెక్కుతోందో అక్కడే తెలిసిపోతుంది.

బ్రేక్ ప్యాడ్లు, చైన్ స్ప్రాకెట్, టైర్లు సగం అరిగినా మార్చేయండి. క్లచ్ వైరు విడిగా సంచిలో పెట్టుకోవడం కాదు, కొత్తది పాతదాని పక్కనే లాగి కట్టించండి. తెగిన చోట చలిలో రెండు కొసలు మార్చుకుంటే సరిపోతుంది. ట్యూబు టైర్లయితే రెండు ట్యూబులు, పంపు, టైరు విప్పే ఇనుములు. విప్పడం వచ్చినవాడు ఒకడైనా ఉండాలి, లేకపోతే ఆ ఇనుములు దండగ.

పెట్రోలు లెక్క ఒకసారి వేసుకోండి. మనాలి దాటాక తాండి బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల తర్వాతే అని చెప్పే బోర్డు బైకర్లందరికీ పరిచయమే. 13 లీటర్ల ట్యాంకు, కొండల్లో 28 మైలేజీ అనుకుంటే 364 వస్తుంది. అంటే ఒక్క కిలోమీటరు తక్కువ. బండికి అయిదు లీటర్లు అదనంగా మోయాల్సిందే. మంచినీళ్ల సీసాల్లో పోయకండి, పెట్రోలు కోసం చేసిన క్యాను కొనండి, పైన కొంచెం ఖాళీ వదలండి. మిక్చర్ ప్యాకెట్ ఉబ్బినట్టే క్యానూ ఉబ్బుతుంది, మూత మెల్లగా తిప్పి గాలి పోనిచ్చి తీయాలి. దగ్గర్లో సిగరెట్టు ఉండకూడదని వేరే చెప్పాలా!

పదిహేడు వేల అడుగుల మీద గాలి ఇక్కడితో పోలిస్తే సగమే. మనతో పాటు ఇంజనూ ఆయాసపడుతుంది. పాత కార్బురేటర్ బండ్లు మరీ ఎక్కువ. ఎక్కడం లేదని యాక్సిలేటర్ పిండకండి, గేరు దించండి.

దిగేటప్పుడు, వాగు దాటేటప్పుడు

ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేసి దిగే అలవాటు మనలో చాలామందికుంది. దాన్ని ఇంట్లోనే వదిలేసి రండి. బ్రేకు ఒక్కటే పట్టుకుని గంటసేపు దిగితే అది వేడెక్కి పట్టడం మానేస్తుంది. మాడు వాసన వస్తే పక్కకు తీసి చల్లారనివ్వండి, నీళ్లు పోయొద్దు. ఇరుకు రోడ్డులో ఎక్కే బండికే దారి ఇవ్వాలన్నది చట్టం కూడా. మిలటరీ కాన్వాయ్ వస్తే ఆగిపోవడమే.

వాగులు మంచు కరిగితే వచ్చేవి. రాత్రి గడ్డకట్టి పొద్దున్నే పలచగా పారతాయి, ఎండెక్కిన కొద్దీ పొంగుతాయి. ఉదయం మడమ లోతున్నది మధ్యాహ్నం మోకాలు దాటుతుంది. అందుకే అయిదింటికే బయల్దేరడం. వాగు దగ్గర ముందు ఆగండి, ఒక లారీ దాటేటప్పుడు దాని చక్రాలు ఎంత మునిగాయో చూడండి. తర్వాత ఒక్కొక్కరే దిగాలి, అవతలివాడు గట్టెక్కాకే ఇంకొకడు. ఫస్ట్ గేరు, ఒకే తీరుగా యాక్సిలేటర్, చూపు అవతలి గట్టు మీద. మధ్యలో గేరు మార్చొద్దు. గట్టెక్కాక బ్రేకు రెండుసార్లు మెల్లగా నొక్కి తడి ఆరబెట్టండి. సాక్సు మీద పాలిథిన్ కవరు చుట్టుకుని బూటు వేసుకుంటే కాళ్లు బతుకుతాయి. గ్లవ్స్ మీద అంట్లు తోమే రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. చూడ్డానికి నవ్వొస్తుంది, తడి మాత్రం లోపలికి రాదు.

జూలై, ఆగస్టుల్లో లడఖ్‌లో వానలు తక్కువే గానీ, అక్కడికి చేర్చే మండీ, కులు రోడ్డు మీద కొండచరియలు విరిగిపడతాయి. 2023 జూలైలో బియాస్ పొంగి ఆ రోడ్డును చాలాచోట్ల కోసేసింది. ఆ నదినీ తేలిగ్గా తీసుకోకండి. 2014 జూన్ 8న మండీ జిల్లాలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది ఫొటోలకని రాళ్ల మీదికి దిగారు. పైనున్న డ్యామ్ నుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్లు వాళ్లను తీసుకుపోయాయి. ఎండ కాస్తున్నా, నది నిండా రాళ్లే కనిపిస్తున్నా, డ్యామ్ ఉన్న నదిలోకి దిగొద్దు.

మిగతావి గబగబా. మన ప్రీపెయిడ్ సిమ్ములు జమ్మూకశ్మీర్, లడఖ్‌లలో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. సిగ్నల్ లేని చోట యూపీఐ కూడా లేనట్టే, చేతిలో నగదు ఉంచుకోండి. ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, ఆధార్ జిరాక్సులు రెండేసి సెట్లు. బండి వేరేవాళ్ల పేరు మీద ఉంటే వాళ్ల ఉత్తరం. పర్మిట్లు, ఫీజుల నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరే వారంలో లేహ్ జిల్లా అధికారుల సైటు చూసుకోండి. ఇంట్లోవాళ్లకు మాత్రం, ఫలానా రెండు రోజులు ఫోన్ రాదని తేదీలతో రాసిచ్చి వెళ్లండి. అమ్మలకు ఆ కాగితం ఉంటే నిద్ర పడుతుంది.

తిరుగు ప్రయాణం గురించి ఎవరూ ఆలోచించరు. కొండలు దిగాక అలసట ఒక్కసారిగా కమ్ముతుంది, కింద మైదానంలో ఎండ మండిపోతుంటుంది, రోడ్డు తిన్నగా ఉండి నిద్ర తెస్తుంది. రెండోసారి మేం ఢిల్లీలో బండ్లు రైలు పార్సిల్‌లో వేసి, మేం ఏసీ బోగీలో పడుకుని వచ్చాం. పార్సిల్ ఆఫీసులో ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయమంటారు. స్టేషనుకు వెళ్లే రోజు ఫుల్ ట్యాంకు కొట్టించకండి. మా బావమరిది కొట్టించాడు.