అబద్ధం పట్టే విద్య – నాలుగో పాఠం: మొహం వదిలేయండి, ఆ రోజును పట్టుకోండి

పోయిన వారం ఇచ్చిన ఇంటిపని చేశారా? టీవీ సౌండు తీసేసి పది నిమిషాలు సీరియల్ చూసి, ఎవరు అబద్ధమాడుతున్నారో రాయమన్నాను. మా తమ్ముడి కొడుకు పదిమందిలో ఏడుగురిని దొంగలని తేల్చాడు. అందులో ఇద్దరు ఊరికే ఏడుస్తున్న అత్తలు. ఈ వారం పాఠం ఆ ఇద్దరు అత్తల గురించే అనుకోండి.

‘లై టు మీ’ అనే అమెరికన్ సీరియల్ 2009లో మొదలైంది. టిమ్ రాత్ వేసిన లైట్‌మన్ పాత్రకు మూలం పాల్ ఎక్మన్ అనే సైకాలజిస్టు. మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌లో వాషింగ్టన్‌లో బాంబులు పేలుతుంటే లైట్‌మన్ బృందం రంగంలోకి దిగుతుంది. రెప్పపాటులో మొహం మీద మెరిసి మాయమయ్యే కవళికలు చదవడమే వాళ్ల విద్య. చూడ్డానికి భలే ఉంటుంది, నేను రెండుసార్లు చూశాను. దాన్ని చూసి మొహాలు చదవబోతే మాత్రం బోల్తా పడతాం.

బాంబు అన్న మాట వినపడగానే అందరి మొహాలూ మారతాయి. 2024 అక్టోబరులో తిరుపతి హోటళ్లకు వరసగా బెదిరింపు ఈమెయిళ్లు వచ్చాయి. తనిఖీలు చేస్తే ఏమీ దొరకలేదు. అలాంటి రాత్రి ఒక లాడ్జి కౌంటర్‌లో ఉన్న కుర్రాడిని ఊహించుకోండి. పెదాలు ఎండిపోతాయి, తాళాల గుత్తి చేతిలోంచి జారుతుంది, పోలీసాయన కళ్లలోకి చూడలేడు. 2003లో అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద మందుపాతరలు పేల్చిన ఊరు ఇది. ఆ కుర్రాడిది తప్పు చేసిన భయమా, తన మాట నమ్మరేమోనన్న భయమా? రెండింటికీ మొహం ఒకటే. నిజం చెప్పేవాడి టెన్షన్‌ను అబద్ధం కింద లెక్కేయడాన్ని ఎక్మనే ‘ఒథెల్లో పొరపాటు’ అన్నాడు. 2006లో బాండ్, డిపాలో అనే ఇద్దరు పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్కేస్తే, ఏది నిజమో ఏది అబద్ధమో జనం సరిగ్గా పోల్చుకున్నది నూటికి 54. బొమ్మా బొరుసూ వేసుకున్నా 50 వస్తుంది!

కాబట్టి చూడ్డం తగ్గించి అడగడం నేర్చుకుందాం. ఒకడు “ఆ రాత్రి నేను ఊళ్లో లేను సార్, అలిపిరి మెట్లెక్కి కొండకు పోయినా” అన్నాడనుకోండి. “దారిలో ఏమేం ఉంటాయి?” అని అడిగితే దండగ. గాలిగోపురం, నరసింహస్వామి గుడి, మోకాళ్ల మెట్టు... తిరుపతివాణ్ణి నిద్రలో లేపినా చెబుతాడు. తెలివైనవాడు కథ అల్లడు. ఎప్పుడో నిజంగా ఎక్కిన మెట్లనే తెచ్చి, తేదీ ఒక్కటీ మారుస్తాడు. అందుకని ప్రతి ప్రశ్ననూ ఆ రోజుకే ముడేయాలి.

“గాలిగోపురం కాడ ఆగినావా?”

“ఆగినా సార్, సోడా తాగినా.”

“డబ్బులు నోటిచ్చినావా, ఫోన్‌పేనా?”

“...నోటే సార్.”

“చేతిలో ఏముండె?”

“ఏమీ లేదు సార్. ఉత్త చేతులతోనే.”

ఫోన్‌పే దగ్గర ఆగాడు కదా అని గీత గీశారా? కొట్టేయండి. నన్నడిగినా ఆగుతాను. పనికొచ్చేది చివరి జవాబు. 2023లో నడకదారిలో చిరుత దాడుల తర్వాత భక్తుల చేతికి కర్రలిచ్చి పంపారు. మన కథ ఆ రోజుల్లోదైతే, ఆ ఉత్త చేతులు అంతకుముందెప్పుడో ఎక్కినప్పటివి కావచ్చు. అలాగని దొరికాడని ఎగరకండి. కర్ర వద్దని ఉండొచ్చు, అడక్కుండా దాటిపోయి ఉండొచ్చు. మనకు చిక్కింది వెళ్లి వాకబు చేయదగ్గ ముక్క, అంతే. సీసీ కెమెరా ఉంది, సోడా కొట్టువాడున్నాడు.

జరిగింది చివరి నుంచి మొదటికి చెప్పించడం, కాగితం మీద బొమ్మ గీయించడం కూడా ఈ కోవలోవే. వాటి సంగతి ఆరో పాఠంలో. ఇదంతా ఎందుకు, మెషీన్ పెడితే పోలా అంటారా? 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా లై డిటెక్టర్ పెట్టకూడదని తేల్చేసింది.

ఈ వారం పని: ఇంట్లో ఇద్దరిని పోయిన ఆదివారం గురించి చెప్పమనండి. ఒకరు జరిగింది చెప్పాలి, ఇంకొకరు ఏదో పాత ఆదివారాన్ని తెచ్చి అతికించాలి. ఎవరు ఏది చెబుతున్నారో మీకు తెలియకూడదు. ఒక్కొక్కరికి ఐదే ప్రశ్నలు. జవాబును బయట సరిచూసుకునే వీలులేని ప్రశ్నకు మార్కుల్లేవు. మొహం చూడకుండా ఉండలేకపోతే, పక్క గదిలోంచి ఫోన్ చేసి అడగండి.