పేగులు బయటికొచ్చి బిడ్డ పుడితే ఏం చేయాలి

పర్లాకిమిడి, గుణుపూర్ వైపు చిన్న ఆసుపత్రిలోనో దారిలోనో కాన్పు అయ్యి, బిడ్డ పేగులు బయట కనిపిస్తే ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. టెన్షన్ పడొద్దని అనను గానీ, పేగుల్ని మాత్రం లోపలికి నెట్టకండి, పసుపూ నూనే రాయకండి.

బొడ్డుకు సాధారణంగా కుడిపక్క చిల్లులోంచి, ఏ పొరా లేకుండా, ఎర్రగా తడిగా వేలాడుతుంటే గ్యాస్ట్రోస్కైసిస్. బొడ్డు దగ్గరే పల్చటి పొర సంచిలా కప్పి ఉంటే ఒంఫాలోసీల్, ఇందులో గుండె లోపాలు కూడా ఉండొచ్చు.

వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈలోపు శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో బిడ్డను కాళ్ల నుంచి చంకల వరకు, పేగులతో సహా ఉంచండి, మొహం మాత్రం ఎప్పుడూ బయటే ఉండాలి. తడీ వేడీ పోకుండా చూడటమే అసలు పని. తలకు టోపీ పెట్టి కుడిపక్కకి తిప్పి పడుకోబెడితే పేగు మడతపడదు, దానికి రక్తం అందుతూనే ఉంటుంది. తేనె, చక్కెర నీళ్లు, పాలు ఏవీ వద్దు. కడుపులోకి గొట్టం, సెలైన్ నర్సమ్మ పెడుతుంది.

పిల్లల సర్జన్ ఉన్న చోటికే వెళ్లాలి, బరంపురమైనా విశాఖైనా బయల్దేరే ముందే ఫోన్ చేసి అడగండి. ఐదో నెల స్కాన్‌లో ఇది చాలావరకు తెలిసిపోతుంది, అప్పుడు కాన్పే అక్కడ పెట్టుకోవచ్చు.